కాగితము మీద వచ్చిన దేవాలయము

మన తెలంగాణ క్రైస్తవులలో గోతిక్ దేవాలయపు లోపలి భాగమును మొదట రాతిలో చూచినవారు తక్కువ, కాగితము మీద చూచినవారు ఎక్కువ. గోడకు తగిలించిన క్యాలెండరు మీద, క్రిస్మస్ కార్డు మీద, సంఘ చరిత్ర పుస్తకము అట్ట మీద ఆ చిత్రము మనకు పరిచయమైనది. ఇరువైపుల బారులు తీరిన ఎత్తైన స్తంభములు, పైన రెండు చేతులు జోడించినట్లు మొనలు కలిసికొన్న కమానులు, చివర బలిపీఠము, దాని వెనుక పెద్ద కిటికీ. చిత్రకారుడు దాదాపు ఎప్పుడును ప్రధాన ద్వారము దగ్గరనే నిలిచి బలిపీఠము వైపు చూస్తాడు. పల్లెలో పెంకుల మందిరములో చాప మీద కూర్చొని ఆరాధించిన మన పెద్దలకు సైతము పెద్ద గుడి అనగానే ఆ బొమ్మయే కండ్లకు కట్టేది.

ఆ బొమ్మను ఎవరు గీసినారు, ఎందుకు గీసినారు, అది ఏ దారిని మన దక్కనుకు వచ్చినది అను సంగతిని మన సంఘ చరిత్రలు పెద్దగా ముచ్చటించవు. మిషనరీల రాకపోకలు, బాప్తిస్మముల లెక్కలు, శంకుస్థాపన తేదీలు శ్రద్ధగా వ్రాసికొన్నాము. దేవాలయపు రూపము ఎట్లు వచ్చినదో వ్రాసికొనలేదు. ఈ శతాబ్ది సంచికలో నాకిచ్చిన పుటలను ఆ పనికే వినియోగిస్తాను. నేను చెప్పదలచినది ఒక్కటే: గోతిక్ దేవాలయము మన దేశమునకు ముందు అచ్చు చిత్రముగా వచ్చినది, తరువాతనే రాయి అయినది. ఆ అచ్చు చిత్రములు వేసినవారు చేసిన మరియొక పని కూడ ఉన్నది. దానిని మనము ఇంకను నేర్చుకొనలేదు.

గోతిక్ అను పేరు ఆ దేవాలయములను కట్టినవారు పెట్టుకొన్నది కాదు. పదునారవ శతాబ్దపు ఇటలీ పండితులు, ముఖ్యముగా చిత్రకారుల జీవితములు వ్రాసిన వసారి, పాత పద్ధతి కట్టడములను వెక్కిరిస్తూ వాటిని అనాగరికులైన గోతు జాతి పనిగా చెప్పినారు. ఆ వెక్కిరింతే పేరుగా నిలిచినది. నిజమునకు ఆ పద్ధతి ఫ్రాన్సు దేశములో పుట్టినది. పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ మఠాధిపతి సుజేర్ తన దేవాలయపు బలిపీఠ భాగమును 1144లో ప్రతిష్ఠించినాడు. పైకప్పు బరువును గోడలు మోయకుండ కమానుల ద్వారా స్తంభముల మీదికి, వెలుపలి ఊతముల మీదికి మళ్లించుట అందులోని కిటుకు. బరువు తగ్గిన గోడను కిటికీగా మార్చవచ్చును. వెలుతురు కరవైన ఉత్తర దేశములలో ఇది గొప్ప సంగతి. ఎండ కరవు ఎరుగని మనకు దాని విలువ వెంటనే తట్టదు.

ఇక్కడ అచ్చుపని గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. పాత కాలమున బొమ్మను అచ్చు వేయుటకు ప్రధానముగా మూడు దారులు ఉండేవి. చెక్క మీద గీతలను మిగిల్చి తక్కిన భాగమును చెక్కివేయుట మొదటిది. పెడనలో కలంకారి అద్దకమునకు వాడే చెక్క అచ్చులను చూచినవారికి దీనిని వివరింపనక్కరలేదు. రెండవది దీనికి తలక్రిందులు. రాగి రేకు మీద గీతను గుంటగా చేసి, ఆ గుంటలో సిరా నింపి, పైభాగము శుభ్రముగా తుడిచి, తడిపిన కాగితమును దాని మీద పరచి రెండు రోలర్ల నడుమ గట్టిగా ఒత్తుతారు. ఆ గుంటను ఉలితో చెక్కవచ్చును, లేదా రేకుకు మైనము పూసి సూదితో గీసి ద్రావకములో ముంచి తినిపింపవచ్చును. మూడవది రాతి అచ్చు, అనగా లితో. దీనిని 1798 ప్రాంతములో జర్మనీకి చెందిన సెనెఫెల్డర్ కనిపెట్టినాడు. ఉర్దూ వ్రాత సీసపు అక్షరములలో సులువుగా ఇమడదు గనుక కాతిబులు చేతితో వ్రాసిన దానిని లితోలో వేసే పద్ధతి మన హైదరాబాదులో చాల కాలము నిలిచినది. పెండ్లి కార్డులకు పేరుపొందిన ఛత్తా బజారు ఆ వృత్తికి ఇప్పటికిని జ్ఞాపికవలె ఉన్నది.

రాగి రేకు మీద దేవాలయమును గీయుట చాల కష్టమైన పని. రంగు లేదు. నలుపు గీత, తెల్ల కాగితము, అంతే. స్తంభము గుండ్రముగా కనబడవలెనన్నా, కమాను క్రింద నీడ పడవలెనన్నా, కిటికీ నుండి వెలుతురు రావలెనన్నా, గీతలను దగ్గరగానో ఎడముగానో వేసి సాధింపవలసినదే. పైగా రేకు మీద కుడి ఎడమలు తారుమారుగా గీస్తేనే కాగితము మీద సరిగా పడుతుంది.

ఈ పనిలో నాకు అందరి కంటె ఆప్తుడుగా తోచినవాడు వెన్సెస్లాస్ హాలర్. ప్రాగ్ నగరములో 1607లో పుట్టినాడు. 1636లో అరండెల్ ప్రభువు వెంట ఇంగ్లండు చేరినాడు. జీవితమంతయు రాగి రేకుల మీదనే గడిపి సుమారు 2,700 చిత్రములు చేసినాడు. ఇసుక గడియారము ముందు పెట్టుకొని గంటల లెక్కన కూలి పుచ్చుకొనేవాడని, ఎవరైన పలుకరిస్తే దానిని ప్రక్కకు పడవేసి కాలమును ఆపేవాడని చెబుతారు. అంత నిజాయితీపరుడు బీదవాడుగానే 1677లో కన్నుమూసినాడు.

అప్పుడు ఇంగ్లండులో అంతర్యుద్ధము. రాజుకును పార్లమెంటుకును పోరు. ఆ పోరులో దేవాలయముల మీద కూడ చేతులు పడినవి. విలియం డగ్డేల్ అను చరిత్రకారుడు యుద్ధము రాబోవుచున్నదని గ్రహించి, 1641లోనే సెడ్జ్‌విక్ అను చిత్రకారుని వెంటబెట్టుకొని ఊరూర తిరిగి, దేవాలయములలోని సమాధులు, శిలాలేఖనములు, కిటికీల మీది వంశ చిహ్నములు నకలు తీయించినాడు. లండను నగరములోని సెయింట్ పాల్ దేవాలయము కూడ అందులో ఉన్నది. ఇది నేడు మనము చూచే గుమ్మటపు దేవాలయము కాదు. అంతకు ముందున్నది, సుమారు ఆరు వందల అడుగుల పొడవుగల మధ్య యుగపు కట్టడము. యుద్ధ కాలములో సైనికులు దానిలో గుఱ్ఱములను కట్టినారు. కప్పు అక్కడక్కడ కూలినది. అట్టి స్థితిలో డగ్డేల్ ఆ దేవాలయపు చరిత్రను వ్రాసి, చిత్రములు వేయవలసినదిగా హాలర్‌ను కోరినాడు. పుస్తకము 1658లో వెలువడినది.

పొడవాటి మధ్య మంటపము, దాని అవతల గాయకుల స్థలము, నేలపటము, సమాధులు ఒక్కొక్కటి ఒక్కొక్క రేకు మీద వేసినారు. రేకుల ఖర్చు ఎవరు భరించినారు? ఒక్కొక్క రేకునకు ఒక్కొక్క దాత. దాత పేరు, వంశ చిహ్నము ఆ చిత్రము మీదనే చెక్కినారు. నేడు మన సావనీర్లకు ప్రకటనలు అడిగి పుచ్చుకొంటున్నాము గదా, ఆనాడును ఇదే తంతు! ఒక చిత్రము మీద హాలర్ తన మాటగా లాటిను భాషలో కొంత వ్రాసికొన్నాడు. ఈ దేవాలయము దినదినము పడిపోవునేమోనన్నట్టున్నదని, దాని జ్ఞాపకమును తాను ఈ విధముగా నిలుపుచున్నానని దాని భావము.

ఎనిమిది సంవత్సరములకు, 1666 సెప్టెంబరులో, లండను మహాగ్ని ఆ దేవాలయమును దహించినది. నేలమాళిగలో భద్రమని పుస్తక వర్తకులు దాచుకొన్న పుస్తకముల రాశులు కూడ కాలిపోయినవి. అంతకు ముందే ఊరూర చేరిన హాలర్ చిత్రములు మిగిలినవి. ఆ దేవాలయపు లోపల నిలిచి చూస్తే ఎట్లుండేదో నేడు ఎవరికైన తెలిసినదంటే ప్రధానముగా ఆ రేకుల పుణ్యమే.

హాలర్ గీసినదంతయు కంటితో చూచినదే అనుకొనుట మాత్రము పొరపాటు. ఆ దేవాలయపు శిఖరము 1561లోనే పిడుగు పడి కాలిపోయినది. హాలర్ పుట్టక మునుపటి మాట. అయినను ఒక చిత్రములో ఆయన శిఖరమును నిలబెట్టి చూపినాడు, పిడుగు సంగతి కూడ ప్రక్కన తెలిపినాడు. అచ్చు చిత్రమును సాక్ష్యముగా తీసికొనునప్పుడు అది ఏ భాగమును చూచి గీసినదో, ఏ భాగమును తలచుకొని గీసినదో విడదీయవలెను. సువార్త వ్యాఖ్యానములో మనము చేసే పనియే గదా ఇది.

హాలండు దేశములో ఇదే కాలమున మరియొక కథ నడిచినది. పీటర్ సానెరెడమ్ అను చిత్రకారుడు (1597-1665) రాగి రేకులు చెక్కే పనివాని కుమారుడు. ఆయన దేవాలయము లోపల కొలతలు తీసికొని, వాటిని బట్టి దూరము, ఎత్తు లెక్కకట్టి చిత్రించేవాడు. హార్లెమ్ నగర చరిత్ర పుస్తకము 1628లో వచ్చినప్పుడు సెయింట్ బావో దేవాలయపు లోపలి దృశ్యమును ఆయన గీయగా, యాన్ వాన్ డె వెల్డె రాగి రేకు మీద చెక్కినాడు. ఆ దేవాలయము 1578లో ప్రొటెస్టెంటుల చేతికి వచ్చినది. విగ్రహములు తీసివేసినారు, గోడలకు సున్నము కొట్టినారు. గోతిక్ పద్ధతి ధూపదీపముల ఆరాధన కొరకు పుట్టగా, ఇక్కడ ప్రసంగ వేదికకు లోబడి తెల్లగా, ఖాళీగా మిగిలినది. సానెరెడమ్ ఆ తెల్లదనమునే అందముగా చూచినాడు. ప్రొటెస్టెంటులమైన మనకు ఖాళీ దేవాలయము పవిత్రముగా తోచుట వెనుక ఇట్టి చిత్రముల ప్రభావము కొంత ఉన్నదని నా నమ్మిక. అందులో మనుషులుంటే ఒకరిద్దరే, అదియును స్తంభము ఎంత ఎత్తో తెలియుటకు. ఆరాధించు సంఘము కనబడదు. ఇది లోపమని నేననుకొంటాను.

ఇక ఈ కాగితములు మన దేశమునకు వచ్చిన వైనము. మొదట వచ్చినది గోతిక్ కాదు. జేమ్స్ గిబ్స్ అను శిల్పి లండనులో సెయింట్ మార్టిన్ దేవాలయమును కట్టి, దాని చిత్రములను 1728లో ఒక పెద్ద పుస్తకముగా అచ్చు వేయించినాడు. ముందు స్తంభముల వసారా, వెనుక శిఖరము గల ఆ నమూనా ఓడలెక్కి అమెరికాకు, కలకత్తాకు, మద్రాసుకు వచ్చినది. మద్రాసు సెయింట్ జార్జి కథెడ్రలు ఆ కోవలోనిదే. సెయింట్ ఆండ్రూస్ కర్కు కథ ఇంకను వింతయైనది. గిబ్స్ మొదట గుండ్రని దేవాలయమును ప్రతిపాదించినాడు, లండనువారు ఒప్పుకొనలేదు. ఆయన దానిని కూడ పుస్తకములో చేర్చినాడు. లండనులో కట్టని ఆ గుండ్రని రూపము దాదాపు వంద సంవత్సరముల తరువాత మద్రాసులో కట్టడమై 1821లో ఆరాధనకు తెరువబడినది. మన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ప్రారంభమైనది సెయింట్ జార్జి కథెడ్రలులోనే. పుస్తకపు పుటలలో నుండి వచ్చిన గోడల నడుమ మన ఐక్యత ప్రకటింపబడినదని జ్ఞాపకముంచుకొనవలెను. మన తెలుగు వాక్యము కూడ ఇట్లే సముద్రము దాటి వచ్చినది గదా. బెంజమిన్ షుల్జ్ గారి తెలుగు చిన్న పుస్తకములు 1746-47లో జర్మనీలోని హాలే పట్టణములో అచ్చయినవి.

గోతిక్ పుస్తకముల వంతు పందొమ్మిదవ శతాబ్దములో వచ్చినది. జాన్ బ్రిటన్ ఇంగ్లండు కథెడ్రళ్ల చిత్రములను 1814 నుండి 1835 వరకు సంపుటములుగా వెలువరించినాడు. రిక్మన్ 1817లో గోతిక్ కట్టడములను కాలమును బట్టి వర్గీకరించినాడు. ఫ్రాన్సు నుండి వలస వచ్చిన పెద్ద ప్యూజిన్ కొలతలతో సహా నమూనాలను 1821-23లో అచ్చు వేయించినాడు. ఇవి చూచి ఆనందించుటకే గాక చూచి కట్టుటకు పనికివచ్చిన పుస్తకములు. కేంబ్రిడ్జిలో 1839లో ఏర్పడిన కామ్డెన్ సంఘము మరియొక అడుగు ముందుకు వేసి, దేవాలయమంటే గోతిక్‌గానే ఉండవలెనని పట్టుపట్టినది. వలస దేశములలో కట్టే దేవాలయములకు సలహాలు, నమూనాలు పంపినది. బొంబాయి కొలాబాలో 1858లో ప్రతిష్ఠించిన ఆఫ్ఘాన్ స్మారక దేవాలయము ఆ ఉద్యమపు ఫలమే. మన వైపు 1847 నాటి బొల్లారం హోలీ ట్రినిటీ, తిరుమలగిరి ఆల్ సెయింట్స్, సికింద్రాబాదులో రోమను కథోలిక్కుల సెయింట్ మేరీస్, అన్నియు ఆ గాలి వీచిన కాలపువే. కంటోన్మెంటు కట్టడములు వేసిన సైనిక ఇంజనీర్లలో చాలమందికి శిల్ప విద్య వృత్తి కాదు. వారికి ఆధారము పుస్తకములోని బొమ్మయే.

పాతబస్తీలో సేవ చేసే నాబోటివారికి ఇక్కడ ఒక ప్రశ్న తరచు ఎదురగును. మొనదేలిన కమాను తెల్లవారిదా? మదీనా కూడలి నుండి పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే మచ్లీ కమాను వస్తుంది, దాని క్రింద నుండి చూస్తే 1591 నాటి చార్మినారు. ఎటు చూచినను మొనదేలిన కమానులే. మక్కా మసీదులోనికి తొంగిచూచినను అవే. మెదకు దేవాలయమును చూచి వచ్చిన మన పిల్లలు చార్మినారు కమానులను చూచి "ఇదియును గుడివలెనే ఉన్నదే" అంటే నవ్వవలసిన పని లేదు. వారి కన్ను సరిగానే చూచినది.

కాలిన సెయింట్ పాల్ స్థానమున క్రొత్త దేవాలయము కట్టిన క్రిస్టఫర్ రెన్ స్వయముగా ఈ మాటే అన్నాడు. గోతిక్ అని పిలిచే పద్ధతిని అరబ్బుల పద్ధతి అనుట న్యాయమని ఆయన అభిప్రాయము. 1750లో అచ్చయిన ఆయన కుటుంబ గ్రంథములో అది ఉన్నది. కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదు తొమ్మిదవ శతాబ్దమునాటిది. ఫ్రాన్సువారు మొనదేలిన కమానును పట్టుకొనుటకు రెండు వందల యేండ్లకు పైగా ముందే అక్కడ ఆ కమానులు వరుసలు తీరి నిలిచినవి. ఎవరు ఎవరి నుండి ఎంత నేర్చుకొన్నారను విషయములో పండితులు ఇంకను వాదించుకొంటూనే ఉన్నారు, గోతిక్ పద్ధతి మొత్తము తూర్పు నుండి వచ్చినదనుట అతిశయోక్తి. కాని కమాను మట్టుకు ఒకే బీజము నుండి రెండు కొమ్మలుగా సాగినదనుటకు ఆధారములు బలముగా ఉన్నవి. ఒక కొమ్మ సిసిలీ, ఇటలీల మీదుగా ఫ్రాన్సుకు, అక్కడి నుండి ఇంగ్లండుకు పోయినది. మరియొక కొమ్మ పారసీకము మీదుగా ఢిల్లీకి, బహమనీల వెంట దక్కనుకు వచ్చి గోలకొండ సుల్తానుల చేతిలో చార్మినారు అయినది.

ఈ పోలికను మొదట అచ్చు చిత్రములలో పెట్టి చూపినవారిలో విలియం హాడ్జెస్ ఒకరు. కెప్టెన్ కుక్ రెండవ యాత్రలో చిత్రకారుడుగా వెళ్లినవాడు. 1780లో మన దేశమునకు వచ్చి మూడు సంవత్సరములు తిరిగి, తరువాత లండనులో చిత్రములు అచ్చు వేయించినాడు. హిందూ, మహమ్మదీయ, గోతిక్ కట్టడముల మూలరూపములను గూర్చి 1787లో ఒక చిన్న గ్రంథమును వ్రాసి, గ్రీకుల పద్ధతి ఒక్కటే కొలబద్ద అనుట తగదని వాదించినాడు. ఆయన వాదములోని వివరములు నేడు నిలువవు. అయినను హిందూ దేశపు కట్టడమును, గోతిక్ దేవాలయమును ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిన ఆంగ్లేయుడు ఆ కాలమున అరుదు.

1908 మూసీ వరదల తరువాత నగరమును పునర్నిర్మించునప్పుడు పత్తర్‌గట్టి రాతి కమానుల బారు లేచినది. విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల శిల్పి గీసిన హైకోర్టు భవనము 1920 నాటికి పూర్తియైనది. సరిగా ఆ సంవత్సరములలోనే మెదకులో మన దేవాలయము లేచుచున్నది. ఒకే నిజాము రాజ్యము, ఒకే దశాబ్దము, రెంటికిని నమూనా గీసినది ఆంగ్లేయులు, రెంటిలోను చేతులు దక్కను పనివారివి. వందల సంవత్సరముల క్రిందట విడిపోయిన రెండు కొమ్మలు అరువది మైళ్ల దూరములో మళ్లీ ఎదురుబొదురు నిలిచినవి. దీనిని యాదృచ్ఛికమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు.

మెదకు దేవాలయ చరిత్ర ఇక్కడ చాలమందికి కంఠస్థము గనుక పొడుగుగా చెప్పను. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదు వచ్చినారు. 1914లో పని మొదలై, కరువు రోజులలో బీదలకు కూలి కల్పిస్తూ సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, గోపురము 175 అడుగులు. నమూనాలు ఇంగ్లండులోని బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అను సంస్థవి. ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించవలెను. ఉలి పట్టిన మెదకు సీమ మనిషి ఇంగ్లండులో ఏ కథెడ్రలును చూడలేదు. ఆయన ముందున్నది కాగితము మీది గీత. ఆ గీత మెత్తని సున్నపురాతిని తలచుకొని పెరిగిన సంప్రదాయములోనిది. ఆయన చేతిలో ఉన్నది మన నల్లరాయి, ఉలి మొనను విరుగగొట్టే రాయి. గీతను రాయిగా మార్చిన ఆ చేతుల పేర్లు మనము దాచుకొనలేదు.

నలుపు తెలుపుల గీత తేలేకపోయినది ఒక్కటే, రంగు. అది వేరే దారిని వచ్చినది. రాజుల చిత్రములు గీసి పేరుపొందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ బాల్యములో రంగు అద్దాల పనిలో తరిఫీదైనవాడు. బలిపీఠము వెనుక ప్రభువు ఆరోహణము 1927లో, ఒక ప్రక్కన జననము 1947లో, ఎదుటి ప్రక్కన సిలువ దృశ్యము 1958లో ఆయన నమూనాలతో అమరినవి. ప్రతిష్ఠ నాడు వచ్చిన భక్తులు ఈ మూడింటిలో ఒక్కటిని కూడ చూడలేదన్నమాట. చీకటిపడితే లోపలివారికి ఆ బొమ్మలు కనబడవు, సూర్యుడే వాటికి సిరా. ఏ రాగి రేకును, ఏ కలర్ ఫోటోయును ఆ ఎరుపును, ఆ నీలమును నేల మీద పడినట్లుగా పట్టలేదు. ఈ ఒక్క విషయములో కాగితము ఓడిపోయినది.

డోర్నకల్లు అధ్యక్షులు అజరయ్య గారు పుస్తకపు బొమ్మను ప్రక్కకు పెట్టిన మనిషి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కథెడ్రలులో గుడి స్తంభము, మసీదు గుమ్మటము, చర్చి కమాను కలిసియున్నవి. రాతి మీద అరటి పువ్వు చెక్కించినారు. మెదకు గొప్పదా, డోర్నకల్లు గొప్పదా అని వాదులాడుకొనువారిని నేనెరుగుదును. రెండును మనవే. అజరయ్య గారి నిర్ణయములోని ధైర్యము మాత్రము వేరు.

మరి మన తెలుగువారిలో అచ్చు చిత్రకారులు లేరా? ఉన్నారు, ప్రపంచమెరిగినవారే. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిస్ నగరములో ఒకే రేకు మీద అనేక రంగులు వేసే పద్ధతిని రూపొందించిన వారిలో ముఖ్యులు. మెదకు జిల్లా నిజాంపూరులో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు ద్రావకముతో తినిపించే రేకుల పనిలో అందెవేసిన చేయి. ఆయన చిత్రములన్నియు మన ఆదివార పాఠశాల గోడకు తగినవి కాకపోవచ్చును గాని, తెలంగాణ పల్లె మనిషి ముఖమును ఆ గీతలో చూడవలసినదే. మన సంఘములకు దగ్గరివారు లూథరను గురువులు పి. సాల్మన్ రాజు గారు (1921-2019). చెక్క అచ్చులోను, బాతిక్ గుడ్డ మీదను సువార్తను చిత్రించినారు. ఆయన చిత్రములలో ప్రభువు చుట్టును మన బీదలే. కట్టడపు ఖాళీ చిత్రమును చూచి చూచి అలసిన కంటికి ఆ జనము ఎంతో హాయినిస్తారు.

అయితే మన దేవాలయముల లోపలి భాగమును గీసి పెట్టినవారు ఎందరు? నేనెరిగిన ఒక పాస్టరేటులో పాత మందిరమును పడగొట్టి కాంక్రీటుతో క్రొత్తది కట్టినారు. సంఘము పెరిగినది, స్థలము చాలలేదు, కట్టవలసినదే. క్రొత్తదాని ప్రారంభోత్సవమునకు రెండు వందల ఫోటోలు తీసినారు: శిలాఫలకము, రిబ్బను, పూలదండలు, వేదిక మీది పెద్దలు. పాతదాని లోపలి భాగమునకు ఒక్క ఫోటో దొరకలేదు. ఎవరో పెండ్లి ఫోటోలో దంపతుల భుజముల వెనుక బలిపీఠపు కమాను సగము కనబడుచున్నది, అంతే. స్త్రీలు ఎటు కూర్చొనేవారు, బాప్తిస్మపు తొట్టి ఎక్కడ ఉండేది, గోడ మీద ఎవరి జ్ఞాపక ఫలకములు ఉండేవి అని అడిగితే ముగ్గురు వృద్ధులు మూడు విధములుగా చెప్పినారు.

పారిస్ నోత్రదామ్ దేవాలయపు కప్పు 2019 ఏప్రిల్ 15న కాలినప్పుడు లోకమంతయు చూచినది. ఆండ్రూ టాలన్ అను అమెరికా ఆచార్యుడు అంతకు కొన్నేండ్లు ముందు లేజరు యంత్రముతో ఆ దేవాలయమును లోపల వెలుపల కొలిచి పెట్టినాడు. ఆయన 2018లోనే కన్నుమూసినాడు, అగ్నిని చూడలేదు. ఆ కొలతలు పునర్నిర్మాణమునకు అక్కరకు వచ్చినవి. 2024 డిసెంబరులో, మెదకు దేవాలయమునకు నూరేండ్లు నిండిన నెలలోనే, నోత్రదామ్ మరల తెరువబడినది.

మనకు లేజరు అక్కరలేదు. ఒక టేపు, గళ్ల కాగితము, ఇంజనీరింగు చదివే ఇద్దరు యౌవనస్థులు చాలును. నేలపటము ఒకటి, ద్వారము నుండి బలిపీఠము వైపు ఒకటి, బలిపీఠము నుండి ద్వారము వైపు ఒకటి. ఈ చివరిదానిని హాలరు కాలపు చిత్రకారులు సాధారణముగా విడిచిపెట్టినారు, కాని గురువు ప్రతి ఆదివారము చూచేది అదే. వీలైతే సంఘము కూర్చొనియుండగనే గీయవలెను. ఫలకముల మీది పేర్లు ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనవలెను. ప్రతి పాస్టరేటు కమిటీ పడగొట్టు తీర్మానము చేయుటకు ముందే ఈ పని పూర్తి కావలెనని అధ్యక్ష మండలము నియమము పెడితే ఖర్చు స్వల్పము.

సెయింట్ పాల్ దేవాలయములో ప్రసిద్ధ ప్రసంగీకుడు జాన్ డన్ డీనుగా సేవచేసి 1631లో గతించినాడు. శవవస్త్రము చుట్టుకొని నిలిచినట్లు ఆయనకు పాలరాతి ప్రతిమ చేసి గాయకుల స్థలము ప్రక్కన నిలిపినారు. మహాగ్నిలో తక్కిన సమాధులు ముక్కలు కాగా ఆ ప్రతిమ ఒక్కటి దాదాపు చెక్కుచెదరక మిగిలినది, అడుగున ఉన్న పాత్ర మీద మంట మసి నేటికిని కనబడుతుంది. చాల కాలము నేలమాళిగలో పడియుండి పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగములో మళ్లీ పైకి వచ్చినది. అగ్నికి ముందు దాని చుట్టును ఉండిన చట్రము, దాని మీది వ్రాత ఎట్లుండేవో చూడగోరినవారు నేటికిని హాలర్ చెక్కిన రేకునే తెరచి చూస్తారు.